పది గొంతులు

బుధవారం. ముప్ఫై ఒకటో తిత్తికి 229వ రోజు.

ఈ ఉదయం తవిటినాయుడి గడ్డం మీద మూడు చోట్ల కోసుకుపోయి ఉంది. నిన్న కూడా అతను నున్నగా గీయించుకునే వచ్చాడు. మొన్న కూడా. మొన్న పౌడరు వాసన వచ్చింది, నిన్న పటిక వాసన, ఇవాళ వేపనూనె. ఒక మనిషికి మూడు రోజుల్లో మూడు గడ్డాలు పెరగవు.

తిత్తి తూకం వేయడానికి బల్ల మీద పెట్టి, దానికి పాలగొట్టం తగిలించేటప్పుడు ఇది చూశాను. ఏమీ అడగలేదు. నేను ఈ తిత్తుల శాలలో రాత పని చేస్తాను. మాట్లాడే పని కాదు. అందుకే ఈ ఉద్యోగం దొరికినప్పుడు సంతోషించాను.

అడిగింది చిన్నతల్లి. ఆమె ఛాతీ మీద ఇరవై ఎనిమిదో తిత్తి ఉంది. "ఏటన్నయ్యా, రోజూ గీకించుకుంతున్నావు, పెళ్ళిచూపులేటి?" అంది. మిగతా తిత్తమ్మలు నవ్వారు. తవిటినాయుడు కూడా నవ్వి, మంగలోళ్ళు బాగా మాటాడతారమ్మా అన్నాడు. ఆ మాటకు అందరూ ఇంకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అంకెలు నా దగ్గర ఉన్నాయి.

ఇది శాల పుస్తకం కాదు, నా సొంత నోటుబుక్కు. శాల పుస్తకంలో అంకెలకే చోటు.

తిత్తి అంటే నెలలు నిండేదాకా బిడ్డ పెరిగే సంచి, దాని పక్కన బొత్తామంత చెవి ఉంటుంది. లోపలి బిడ్డకు వినిపించే ప్రతి గొంతునీ అది గుర్తు పెట్టుకుంటుంది. తిత్తిని మోసేవాళ్ళు ఉదయం ఇక్కడ పాలు పట్టించి, దాన్ని ఛాతీకి కట్టుకుని, పాత ఓడలను వంతెనలతో కలిపి కట్టిన ఊరంతా తిరిగి, సాయంత్రం మళ్ళీ వస్తారు. బిడ్డకు గుండె చప్పుడు ఒక్కటి చాలదు, ఊరు వినిపించాలి. వారానికి కనీసం పది బయటి గొంతులు. ఒక్కో గొంతు ఒక్క విడతలో నిమిషం పాటు మాట్లాడితేనే లెక్క, అప్పుడు చెవి పక్కన పచ్చ దీపం వెలుగుతుంది. శాలలో తిత్తులు మోసేవాళ్ళ గొంతులు మొదటి నెలలోనే ఎక్కుతాయి కాబట్టి వాటిని కలపరు. వారం శనివారం సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది. వరసగా రెండు వారాలు పది తగ్గితే తిత్తిని వేరే ఛాతీకి మారుస్తారు.

చిన్నతల్లికి వారానికి అరవై దాటుతాయి.

తవిటినాయుడి గత నాలుగు వారాలు: పదిహేడు, పదమూడు, పదకొండు, ఎనిమిది.

ఈ వారం ఇప్పటికి మూడు. మూడూ మంగలివాళ్ళవి.

గురువారం. 230వ రోజు.

శాలలో పదహారు మంది తిత్తమ్మలున్నారు, తవిటినాయుడు పదిహేడో వాడు. అతన్ని ఏమనాలో ఎవరికీ తెలియదు. వంతెన దగ్గర పిల్లలు తిత్తయ్యా అని అరుస్తారు. అతను ముందు తుప్పు జట్టులో పనిచేసేవాడు. ఓడల పక్కలకు వేలాడే పలకల మీద కూర్చుని సుత్తులతో తుప్పు రాలగొట్టే మగవాళ్ళ జట్టు అది. భుజం జారిపోయాక సుత్తి ఎత్తలేకపోయాడు. ఆసుపత్రిలో గుండె చూసినవాళ్ళు నిమిషానికి యాభై నాలుగు అని రాసి మా శాలకు పంపారు. అంత నిదానమైన గుండె ఇక్కడ ఎవరికీ లేదు. ముప్ఫై ఒకటో తిత్తి అతని మీదకు వచ్చిన రోజు నుంచి ఒక్క గ్రాము కూడా వెనక్కి తగ్గలేదు.

ఇవాళ మధ్యాహ్నం అందరూ డెక్కు మీద గుండ్రంగా కూర్చుని తిన్నారు. నేను కిటికీ లోపల నా బల్ల దగ్గర తింటాను, మాటలు వినపడతాయి. తవిటినాయుడు గుండ్రానికి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. అతనికి అందరూ వడ్డించారు. ఎవరో వంకాయ కూర రెండోసారి వేశారు. పైడమ్మ తన మొగుడి గురించి ఏదో మొదలుపెట్టి, సగంలో ఆపి, "అన్నయ్య ఉన్నాడు" అంది. తర్వాత వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. గాలి ఎటు వీస్తోందో అందరికీ కనపడుతూనే ఉంది.

అతను చెయ్యి కడుక్కుని, పనుందని చెప్పి వెళ్ళాడు. అతను వంతెన దాటేలోగా పైడమ్మ మొగుడి కథ మళ్ళీ మొదలైంది.

ఎవరి మీదా నేరం మోపడం లేదు. అతనికి జ్వరం వచ్చినప్పుడు వీళ్ళు వంతులు వేసుకుని కషాయం పట్టించారు. కానీ అతని ఎదుట వాళ్ళు మామూలుగా ఉండలేరు, ఆ సంగతి అతనికి తెలుసు.

ఊళ్ళో ఆడవాళ్ళకూ అతని దగ్గర ఇబ్బందే. తిత్తమ్మ ఎదురైతే ఏ ఆడమనిషైనా ఆమె భుజం మీద చెయ్యి వేసి, వంగి, తిత్తికి నోరు ఆనించి నాలుగు మాటలు చెబుతుంది. చేపల రేటు చెబుతుంది, అత్త మీద చాడీలు చెబుతుంది. మా ఊరి అలవాటు అది. మగవాడి భుజం మీద చెయ్యి వేసి అతని ఛాతీ మీదకు వంగడం ఎవరివల్ల అవుతుంది? అందుకని అతను కనపడితే దూరం నుంచే నవ్వి తప్పుకుంటారు.

సాయంత్రం లెక్క అయిదు. కొత్తవి రెండు. ఒకటి దర్జీ, చొక్కా కాలరు ఎలా కత్తిరిస్తారని అడిగాడట. రెండోది మూడో ఓడ మీద ఒక ముసలాయన. ఇతను తన సొంత వీధికే దారి అడిగితే ఆయన ఓపిగ్గా చెప్పాడట. ఆయన చెప్పిన దారి తప్పుదారి అని, అయినా చివరిదాకా విన్నానని తవిటినాయుడు నాతో చెప్పాడు. నేను తల ఊపాను.

రాత్రి నిద్రపోయే వేళ అతని గుండె అరవై ఆరుకు వస్తోంది. నెల కిందట అది యాభై రెండు.

శుక్రవారం. 231వ రోజు. పగలు.

ముప్ఫై రెండు వారాలు దాటాక ఛాతీ మారిన తిత్తులు మా పుస్తకంలో తొమ్మిది ఉన్నాయి. పొద్దున్నే వెతికి చూశాను. అయిదు కుదుటపడ్డాయి. రెండు పెరగడం మానేస్తే ముందుగా విప్పి బిడ్డల్ని బయటికి తీశారు. మిగతా రెండింటి పుటల్లో ఆ తర్వాత ఏమీ రాసి లేదు. ముప్ఫై ఒకటో తిత్తి విప్పడానికి ఇంకా అయిదు వారాలుంది. దాని అమ్మానాన్నలు నడిసముద్రంలో గాలిమరల దగ్గర నీటి అడుగున పని చేస్తారు, సముద్రం తగ్గితే గాని అక్కడినుంచి పడవ రాదు. ఫోనులో గొంతు లెక్కకు రాదు.

కాగితాలు తెచ్చే నెపం పెట్టుకుని బయటకు వెళ్ళాను. తవిటినాయుడికి నలభై అడుగుల వెనక నడిచాను. బడిలో సిస్టర్ హిల్డా మాకు చూసింది మాత్రమే రాయమని నేర్పింది, కాబట్టి చూసింది రాస్తాను.

అతను ఆరో ఓడ పక్కన ఉన్న టీ బల్ల దగ్గరకు వెళ్ళాడు. తుప్పు జట్టు పదింటికి అక్కడ టీ తాగుతుంది. దూరం నుంచే వాళ్ళ మాటలు వినపడ్డాయి. సుత్తుల మధ్య పెరిగిన గొంతులు, మామూలు మాట కూడా దెబ్బలాటలా ఉంటుంది. అతను మలుపు తిరిగి కనపడగానే ఓడ పక్కన ఇంకా పని చేస్తున్నవాళ్ళ సుత్తులు ఆగిపోయాయి. బల్ల దగ్గర నోళ్ళు మూతపడ్డాయి.

మర్యాద అది. తిత్తి వస్తే సుత్తి ఆగాలి. తిత్తులు కొత్తగా వచ్చిన రోజుల్లో సుత్తి దెబ్బలకు లోపలి బిడ్డలు ఉలిక్కిపడేవని శాలవాళ్ళు సుత్తులు ఆపమన్నారు. మగవాళ్ళు సుత్తితో పాటు నోరు కూడా ఆపారు. ఎవరూ చెప్పలేదు, అదీ మర్యాదే అనుకున్నారు. తిత్తమ్మ నడిచి వెళ్ళిపోతే క్షణంలో మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు.

తవిటినాయుడు నడిచి వెళ్ళిపోలేదు. తన పాత చోట కూర్చున్నాడు. ఒకాయన జరిగి చోటిచ్చాడు. ఒకాయన టీ అందించాడు. మేస్త్రి బంగారయ్య తల ఊపాడు. ఎనిమిది మంది మగవాళ్ళు అరగంట సేపు సముద్రం చూస్తూ టీ తాగారు. సూరి అని, అతనితో ఒకే పలక మీద పదకొండేళ్ళు కూర్చున్నవాడు, గ్లాసు అడుగు చూస్తూ ఉన్నాడు.

అరగంటకు తవిటినాయుడు లేచాడు. వీళ్ళు మాట్లాడుకోవడానికి లేచాడని నాకు అర్థమైంది. నిన్న మధ్యాహ్నమూ అందుకే లేచాడు. రోజుకు రెండు చోట్ల నుంచి అతను లేచి వెళ్ళిపోతున్నాడు, మిగతావాళ్ళు మాట్లాడుకోవడానికి.

అతను వెళ్ళాక నేను బల్ల దగ్గరకు వెళ్ళాను. విషయం నోటితో చెప్పాలనుకునే వెళ్ళాను. బంగారయ్య "ఏటమ్మా, ఏటి కావాలి?" అన్నాడు. మొదటి మాట నా నోట్లో ఉంది. అక్కడే ఉండిపోయింది. అందరూ నా వైపు చూస్తున్నారు. చివరికి సంచిలోంచి కాగితం తీసి, నిలబడే రాసి, అతని చేతిలో పెట్టాను.

రాసింది ఇది: "తిత్తి ముందు సుత్తులు ఆపండి చాలు. నోరు మూసుకోవద్దు. లోపలి బిడ్డకు వారానికి పది గొంతులు కావాలి, ఈ వారం అయిదే ఉన్నాయి. రేపు సాయంత్రం ఆరింటికి పది లేకపోతే తవిటినాయుడి దగ్గర నుంచి తిత్తి తీసేస్తారు. ఇప్పుడు తీస్తే దానికి ప్రమాదం. ఒక్కొక్కరు ఒక నిమిషం మాట్లాడితే చాలు."

బంగారయ్య కళ్ళద్దాలు లేవని కాగితం సూరికి ఇచ్చాడు. సూరి బయటకు చదివాడు. నేను గొంతులు అని రాసిన చోట అతను "మనుసుల గొంతులు" అని చదివాడు. చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, లేచి పలక ఎక్కడానికి వెళ్ళిపోయాడు.

గవరయ్య అనే పెద్దాయన, మా నోరు మంచిది కాదమ్మా అన్నాడు. పలక మీద కూర్చున్నవాడికి ప్రతి మాటకూ ముందొక బూతు, వెనకొక బూతు ఉంటాయట, అవి తీసేస్తే మాట ఎక్కడ మొదలెట్టాలో తెలియదట. పుట్టబోయే పిల్లకు అవి అంటుకుంటాయని భయమట. బంగారయ్య మాత్రం ఒక్కటే అడిగాడు.

"ఆడు మమ్మల్ని అడగనేదేటమ్మా?"

నేను తల అడ్డంగా ఊపాను. తెలియదు అని చెప్పాలనుకున్నాను.

శుక్రవారం. సాయంత్రం.

ఆరు. కొత్తది ఒక్కటే. ఎండుచేపలమ్మే ముసలమ్మకు చూపు లేదు. తిత్తికి పట్టించే పాల వాసన పసిగట్టి, "ఎవరి కూతురివమ్మా" అంటూ అతని భుజం మీద చెయ్యి వేసి, తిత్తికి తన కోడలి సంగతులన్నీ చెప్పిందట. అతను గొంతు విప్పకుండా నిలబడ్డాడట. గడ్డం నున్నగా ఉండబట్టి తెలుసుకోలేదేమో అన్నాడు. మోసం చేశానని బాధపడ్డాడు. నాకు మాత్రం ఆరు అని రాసేటప్పుడు సంతోషం వేసింది.

సుభద్రమ్మగారు శాల పెద్ద. లెక్క చూసి, ఇప్పుడు ఛాతీ మీద తిత్తి లేని పైడమ్మకు కొత్త పట్టీలు కొలిపించారు. రేపు ఆరింటికి మార్చాల్సి వస్తే సిద్ధంగా ఉండాలి. పట్టీలు కొలుస్తున్నంతసేపూ పైడమ్మ తలెత్తలేదు. ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, తవిటినాయుడూ చూశాడు.

సుభద్రమ్మగారు కఠినురాలు కాదు. నా బల్ల దగ్గర ఆగి, "అతను మంచివాడే. కానీ పది ఎందుకు పెట్టామో నీకు తెలుసు కదా. నిశ్శబ్దంలో పెరిగిన పిల్లలు మాటకు వెనకబడతారు. మనిషి మంచివాడని చూస్తే బిడ్డకు అన్యాయం చేసినట్టు" అన్నారు. నేను తల ఊపాను. ఆవిడ చెప్పింది నిజమే. అదే నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

అతని గుండె డెబ్బై ఒకటి. ఈ వారంలో ఇదే ఎక్కువ. తిత్తి లోపల తన్నులు కూడా పెరిగాయి.

శనివారం. 232వ రోజు. రెండు గంటలు.

శనివారం తుప్పు జట్టుకు ఒంటిగంట దాకే పని. తవిటినాయుడు ఉదయం నుంచి ఊరు తిరిగి ఒక్క గొంతూ లేకుండా వచ్చి, డెక్కు మీద మెట్ల దగ్గర కూర్చున్నాడు. నాలుగో మంగలి దుకాణం మూసి ఉందట.

ఇప్పుడే బంగారయ్య వచ్చాడు. వెనక అయిదుగురు. అందరూ స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కాలు వేసుకున్నారు. సూరి లేడు. మగవాళ్ళు గుంపుగా మా శాల వంతెన ఎక్కడం నేను ఎప్పుడూ చూడలేదు. తిత్తమ్మలు పనులాపి గోడవార నిలబడ్డారు.

మూడు గంటలు.

మొదట బంగారయ్య మాట్లాడాడు. తవిటినాయుడి ఎదుట ముక్కాలి పీట వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తిత్తి వైపు చూసి, తుప్పు ఎన్ని రకాలో చెప్పాడు. పొడి తుప్పు, పొర తుప్పు, లోపల తినేసి పైకి కనపడని తుప్పు. మూడోదాన్ని చెవితో పట్టుకోవాలి, సుత్తి తగిలితే మోగదు అన్నాడు. మధ్యలో రెండుసార్లు ఏదో మాట నోటిదాకా వచ్చి మింగాడు. నిమిషం మీద పది సెకన్లు. ఏడు.

గవరయ్య ఏమీ తోచక ఒకటి నుంచి లెక్కపెట్టాడు. తొంభై మూడు దాకా వెళ్ళేసరికి నిమిషమైంది, కానీ వందా పూర్తిచేసి లేచాడు. ఎనిమిది.

మూడోవాడు పొట్టిగా ఉంటాడు, పేరు తెలియదు. నలభై సెకన్లు మాట్లాడి, గోడవార ఆడవాళ్ళను చూసి, నవ్వొచ్చి ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ఆగాడు. ఒక్క విడతలో నిమిషం ఉండాలి. లెక్కకు రాలేదు.

నాలుగోవాడు చేపల పులుసు ఎలా పెట్టాలో చెప్పాడు. చింతపండు ఎప్పుడు పోయాలన్న దగ్గర గోడవార నుంచి చిన్నతల్లి తప్పని అడ్డుపడింది. అతను ఒప్పుకోలేదు. ఆ వాదన వల్లే నిమిషం దాటింది. తొమ్మిది.

అయిదోవాడు, ఆరోవాడు ఇద్దరూ పెదవులు తడుపుకుని చూశారు. ఒకాయన "నాన్నా" అని మొదలుపెట్టి అక్కడే ఆపి లేచి వెళ్ళాడు. ఆయన బిడ్డ సంగతి ఏదో ఉందని తర్వాత చెప్పారు. ఇంకొకాయన ఛాతీ వైపు చూడలేక సముద్రం వైపు చూసి మాట్లాడాడు, గాలికి ఆ మాటలు తిత్తి చెవికి అందలేదు.

అందరూ తిత్తితోనే మాట్లాడారు. ఇంతసేపట్లో తవిటినాయుడి మొహం ఎవరూ చూడలేదు. అతను మెడ నిటారుగా పెట్టి, ఫొటో తీయించుకునేవాడిలా కూర్చున్నాడు.

అయిదు గంటలు.

తొమ్మిదే. జట్టు ఇంకా వెళ్ళలేదు, డెక్కు మీద అక్కడక్కడా నిలబడి ఉన్నారు. పొట్టివాడు ఇంకోసారి ప్రయత్నించాడు, యాభై రెండు సెకన్లు. సుభద్రమ్మగారు గది గుమ్మంలో నిలబడ్డారు. పైడమ్మ పట్టీలు వేసుకుని ఉంది.

నా గొంతు ఏ తిత్తి చెవిలోనూ లేదు. నేనూ బయటి గొంతునే. ఆ సంగతి నాకు మధ్యాహ్నం నుంచి తెలుసు. పెన్ను మూత పెట్టి రెండుసార్లు లేచాను. రెండుసార్లూ కిటికీ దాకా వెళ్ళి వచ్చాను. ఇది రాయకుండా ఉండొచ్చు, కానీ రాస్తున్నాను.

అయిదు నలభై.

సూరి వచ్చాడు. స్నానం చేయలేదు, చేతిలో సుత్తి కూడా ఉంది. వంతెన మీద ఎవరో చెబితే దాన్ని మెట్ల దగ్గర పెట్టాడు. పీట మీద కూర్చోలేదు. తవిటినాయుడి మీదకు వంగి, తిత్తిని చూడకుండా అతని కళ్ళలోకి చూసి మాట్లాడాడు. గొంతు పలక మీద ఉన్నంత పెద్దదే. గడియారం చూస్తూనే రాసుకున్నాను కాబట్టి చాలావరకు ఉంది.

"ఒరే తవిటీ. పదకొండేళ్ళు ఒక్క పలక మీద కూకున్నాం. భుజం పోయిందని నాతో సెప్పినావా? మేస్త్రీతో సెప్పినావు. ఈ కొలువు దొరికిందని నాతో సెప్పినావా? ఊరంతా సెప్పుకున్నాక నాను ఇన్నాను. నవ్వుతాననుకున్నావు. నవ్వుదును రా, ఎందుకు నవ్వను, నాల్రోజులు నవ్వి ఊరుకుందును. ఇప్పుడు మూడో మనిసి కాయితం మీద రాసి తెస్తే సదూకోవాల నాను, నీకు మాటలు కరువైనాయని. ముగ్గురు మంగలోళ్ళ కాడ గీకించుకున్నావంట. మూడో ఓడ తాతని నీ ఇంటికి దారడిగినావంట. నన్నడగడానికి నీకేటి రోగం?"

నిమిషం అయింది. పచ్చ దీపం వెలిగింది. నేను పది అని రాశాను. సూరికి దీపం సంగతి తెలియదు, ఆపలేదు.

తవిటినాయుడు మెల్లిగా అన్నాడు. "నానొస్తే మీరు మాటాడ్డం మానీస్తన్నారు కదరా. అందుకే లెగిసిపోతన్నాను. నానెల్పోతే మీరు మాటాడుకుంతారని."

"మాటాడుకుంతామా?" సూరి గొంతు ఇక్కడ తగ్గింది. "నువ్వెల్పోయినాక కూడా ఎవుడూ మాటాడ్డు రా. గ్లాసులు కడుక్కుని పలకలెక్కేస్తాం. ఆ సంగతి నీకెలా తెలుస్తాది, నువ్వుండవు కదా."

బంగారయ్య తల దించుకున్నాడు.

ఆరు గంటలకు నేను లెక్క ముగించి పుస్తకం సుభద్రమ్మగారికి ఇచ్చాను. ఆవిడ పైడమ్మ వైపు చూసి, విప్పెయ్యమ్మా అన్నారు. పైడమ్మ విప్పినంత తొందరగా పట్టీలు ఎవరూ విప్పడం నేను చూడలేదు.

ఆదివారం. 233వ రోజు.

రాత్రి అతని గుండె యాభై ఎనిమిది. తిత్తి తూకం ఇరవై గ్రాములు పెరిగింది.

నిన్న సాయంత్రం ఆరు నుంచి కొత్త వారం, లెక్క సున్నా నుంచి మొదలు. తవిటినాయుడు గడ్డం గీయించుకోకుండా వచ్చాడు. పదింటికి టీ బల్ల దగ్గరకు వెళ్ళాడట. తుప్పు జట్టుకు ఆదివారం సెలవు, అయినా ముగ్గురు వచ్చారట. మాట్లాడారా అని చిన్నతల్లి అడిగింది. మాట్లాడలేదట, బూతు రాకుండా ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు గొంతు సవరించుకున్నారట. తర్వాత సూరి ఒక బూతు అనేసి, అనేశాను కదా ఇంకేంటి అన్నాడట. అక్కడి నుంచి ఫరవాలేదట. ఆ బూతు శాల పుస్తకంలో ఎక్కడ రాయాలో తెలియదు. దానికి గడి లేదు.

మధ్యాహ్నం గుండ్రంలో పైడమ్మ మళ్ళీ మొగుడి కథ ఎత్తుకుని, అతన్ని చూసి ఆగింది. అతను లేవబోయాడు. చిన్నతల్లి అతని పంచె అంచు మీద పళ్ళెం పెట్టేసింది. కూర్చోక తప్పలేదు. పైడమ్మ కాసేపు ఆలోచించి, కథలో కొంత తీసేసి మిగతాది చెప్పింది. తీసేసిన భాగం లేక ఆ కథ ఎవరికీ అర్థం కాలేదు, ఆమెకు కోపం వచ్చింది. ఇది బాగుపడినట్టా కాదా, ఇంకా చెప్పలేను. అయిదు వారాల్లో ముప్ఫై ఒకటి విప్పేస్తారు. తర్వాత అతని మీదకు ఇంకో తిత్తి వస్తుంది, పది గొంతుల లెక్క దానికీ ఉంటుంది.

సాయంత్రం సుభద్రమ్మగారు నన్ను గదిలోకి పిలిచారు. శుక్రవారం నేను ఆరో ఓడ దగ్గరకు వెళ్ళిన సంగతి ఆవిడకు బంగారయ్య చెప్పాడు. మందలిస్తారనుకున్నాను. మందలించలేదు. "మూడేళ్ళుగా ఇక్కడ ఉన్నావు. నువ్వు ఎవరి జోలికీ వెళ్ళవు. మగవాళ్ళ జట్టు మధ్యలోకి ఒక్కదానివే ఎలా వెళ్ళావమ్మా? ఇతని కోసం ఎందుకంత తాపత్రయం?" అన్నారు.

ఆవిడ మనసులో ఏమనుకున్నారో నాకు తెలుసు. అది కాదు. కాదని చెప్పడానికి కూడా మాట రాలేదు. పుస్తకాలు సర్దాలని చెప్పి వచ్చేశాను.

పాత పుస్తకాలు మెట్ల కింద బీరువాలో ఉంటాయి. పది గొంతుల నియమం పెట్టడానికి ముందువి. ఇరవై రెండేళ్ళ కిందటి పుస్తకంలో నా పుట ఉంది. ఉద్యోగంలో చేరిన రోజే చూశాను, ఎవరికీ చెప్పలేదు. గొంతుల గడిలో ఏ వారమూ మూడు దాటలేదు.

నన్ను మోసినామె మూగది.